పై గదిలో లేని మనిషి

పాలక్యాను మూత తీసి చూసి, దర్జీ భార్య మొగుడి వంక గుర్రుగా చూసింది. పాలు మళ్ళీ తగ్గాయి.

"డాక్టరు పాలు మానమన్నాడని ఇంట్లో నా ముందు బుద్ధిమంతుడిలా ఉంటారు. మెట్ల దగ్గర మాత్రం గుటుక్కున తాగేసి వస్తారు."

"నా సంగతి సరే, ముందు నీ సంగతి తేల్చు," అంటూ దర్జీ పేపరు ఆమె ముందు పరిచాడు. రోజూ టీ తాగుతూ ఆయన నింపుకునే అంకెల పజిల్ అప్పటికే నిండిపోయి ఉంది. "నాకున్న సరదా ఇదొక్కటే. అదీ లాగేసుకుంటే ఎలా?"

"కూరగాయలవాడిచ్చే చిల్లరే నాకు లెక్క తేలదు. ఆ అంకెలు నాకెందుకండీ?"

పాలూ పేపరూ తెల్లారేసరికి పెరటి మెట్ల మీద ఉంటాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే. కాబట్టి దొంగ ఎవరో ఇద్దరికీ ఖాయంగా తెలుసు. ఆయన లెక్కలో ఆవిడ, ఆవిడ లెక్కలో ఆయన.

ఆ తగవు అలాగే వదిలేసి దర్జీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆ రొదలో వీధి తలుపు చప్పుడు వాళ్ళకి మూడోసారికి గాని వినపడలేదు.

వచ్చినావిడ చిన్నవయసు మనిషి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు. "వీసా ఆఫీసు నుంచి వచ్చానండి. మీ పై గదిలో ఒక టూరిస్టు ఉంటున్నాడని రాసిచ్చారు కదా. అతని వీసా పొడిగించే ముందు ఒకసారి చూసి వెళ్ళాలి."

దర్జీ భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆ టూరిస్టుకి వాళ్ళు పెట్టుకున్న పేరు గొడుగాయన. చిరిగిన గొడుగు కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. దేశం ఇంకొన్నాళ్ళు చూడాలని ఉందన్నాడు. వీసా పొడిగించాలంటే, అతనెక్కడ ఉంటున్నాడో ఆ ఇంటివాళ్ళు ఆఫీసుకి రాసివ్వాలి. అతనేమో స్నేహితుడి దగ్గర ఉంటున్నాడు. ఆ ఇంటివాడు ఆఫీసుల గొడవ నాకొద్దు పొమ్మన్నాడు.

"గది వద్దక్కా. మీ చిరునామా ఒక్కటిస్తే చాలు," అన్నాడు. భాషంతా బజార్లో నేర్చుకున్నాడు కాబోలు, బతిమాలినా బేరమాడినట్టే ఉంది. కానీ అక్కా అన్న పిలుపుకి కరగని రోజు ఆవిడ జీవితంలో లేదు. దర్జీ వద్దు వద్దంటున్నా రాయించి సంతకం పెట్టించింది.

ఎవరైనా చూడ్డానికొస్తే నమ్మాలి కదా అని పై గదిలో పక్క వేసింది. తువ్వాలు, సబ్బు, మొగుడి పాత చెప్పులు పెట్టింది. అడిగితే చూపించడానికి ఉంటుందని ఒక తాళంచెవి కూడా అతని చేతికిచ్చింది. ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళ నొప్పులతో, ఆయన మిషను వదలక, పెరటి మెట్లెక్కలేదు. గొడుగాయన మళ్ళీ కనపడనూ లేదు.

దొరికిపోతే జరిమానాతో పోదు. ఇక ఆ గది ఎవరికీ అద్దెకివ్వనివ్వరు. రెడీమేడ్ బట్టలొచ్చి కుట్టుపని పడిపోయాక, సీజనులో ఆ గది అద్దే వాళ్ళిద్దరికీ ఆధారం.

"అతను ఉన్నాడా?" అడిగింది ఆఫీసరమ్మ.

"పొద్దున్నే బయటికెళ్ళాడండీ."

"ఎక్కడికి?"

"సముద్రం దగ్గరికి," అంది ఆవిడ.

"కొండ మీదికి," అన్నాడు ఆయన, సరిగ్గా అప్పుడే.

"అదే, కొండ మీంచైతే సముద్రం బాగా కనిపిస్తుందని," అంది ఆవిడ. దర్జీ పెళ్ళాం కదా, అతుకు కనపడకుండా వేసింది.

ఆఫీసరమ్మ పెరటి మెట్ల వైపు నడిచింది. దర్జీ గబగబా అడ్డం వెళ్ళాడు. "మేడమ్, మీ కోటు గుండీ ఊడిపోయేలా ఉంది. కూర్చోండి, చిటికెలో కుట్టేస్తాను."

"కిందికొచ్చాక కుడుదురుగాని," అని ఆమె మెట్లెక్కేసింది.

"సబ్బు మీద కాగితం విప్పావా?" గుసగుసగా అడిగాడు దర్జీ.

"లేదండీ."

"విప్పని సబ్బుతో ఎవడు స్నానం చేస్తాడే?"

"ముందు ఆ తలుపు తెరుచుకోవాలి కదా. తాళం వేసుంది, చూసి దిగొచ్చేస్తుంది లెండి."

దిగి రాలేదు. పైన ఏం మాట్లాడినా కిందికి వినపడదు. దర్జీ సూదిలోకి దారం ఎక్కించబోతే రెండుసార్లు తప్పిపోయింది. ఆవిడ చూస్తూ కూర్చుంది. పెళ్ళయినప్పట్నుంచీ ఆయనకి దారం అలా తప్పడం ఎప్పుడూ చూడలేదు. చేసింది తను, భయపడుతున్నది ఆయన. ఏమైతే అదే అయిందని నిశ్చయించుకుంది.

చివరికి ఆఫీసరమ్మ దిగింది. కోటు విప్పి దర్జీ చేతికిచ్చి, కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచింది.

"అమ్మా," అంది దర్జీ భార్య, "ఇందులో ఆయన తప్పేం లేదు. అబద్ధం చెప్పింది నేను."

"అబద్ధమేనండీ. పైకెళ్ళగానే తెలిసిపోయింది," అంటూ ఆఫీసరమ్మ సంతకం పెట్టి ఫైలు మూసింది. "మనిషి నిద్రపోతుంటే లేపడం ఇష్టంలేక బయటికెళ్ళాడన్నారు కదూ? తాళంచెవి ఇచ్చిన రోజే వచ్చి చేరాడట, అడక్కుండానే పక్కేసి, సబ్బూ చెప్పులూ పెట్టి, రోజూ పాలూ పేపరూ మెట్ల మీద ఉంచే అక్క గురించి ఒకటే పొగడ్త. ఊరికే తాగడం బాగోదని, బావగారికి శ్రమ లేకుండా అంకెల పజిల్ మాత్రం రోజూ తనే నింపి పెడుతున్నాడట."