తలుపు మీద ఇంగ్లీషు

"టీకా పడందే ఆ వార్డులో కాలు పెట్టను సారూ. నా మాట ఇంతే."

గుమాస్తా తల ఎత్తలేదు. ఆసుపత్రి నేల తుడిచే మనిషి కిటికీ అవతల నిలబడి ఏం మాట్లాడినా ఆయన తల ఎత్తడు.

"నీ మాట ఎవరడిగారమ్మా? రేపు పొద్దున ఆరింటికి కొత్త కరోనా వార్డు డ్యూటీ నీది. వెళ్తే వెళ్ళు. లేదంటే మానేస్తున్నానని కాగితం రాసిచ్చి ఇంటికి పో."

"ఇంట్లో నా కూతురు నెలలు నిండి ఉంది. ఆ వార్డు జబ్బు మోసుకెళ్ళి దాని నెత్తిన రుద్దమంటారా? ఇవాళ నాకు సూది వేయించండి. పద్నాలుగు రోజులాగి పంపండి. అప్పుడు ఎక్కడ తుడవమంటే అక్కడ తుడుస్తా."

ఇప్పుడు ఎత్తాడు తల.

"పద్నాలుగు రోజులా? ఈ లెక్క నీకెవరు చెప్పారు?"

"పేపర్లో చదివా."

"ఓహో, నువ్వేనా పేపరమ్మవి!"

ఆ పేరు వార్డు వాళ్ళు పెట్టింది. రోగుల తాలూకు వాళ్ళు బల్లల మీద వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు ఆమె చెత్తబుట్టలో వెయ్యదు. టీకా వార్తలున్న పేజీ చింపుకుంటుంది. తెలియని మాట కనబడితే గ్లౌజుల అట్టపెట్టె లోపలివైపు రాసుకుంటుంది. ఎక్స్‌రే గది నర్సమ్మ టీ తాగే వేళకు వెళ్ళి పక్కన నిలబడుతుంది. రోజుకు రెండు మాటలు. మూడోది అడిగితే నర్సమ్మ కసురుతుంది.

గుమాస్తా కుర్చీ వెనక్కి వాల్చాడు. చీటీల కోసం లైన్లో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు.

"అయితే చెప్పు చూద్దాం. వేరియంట్ అంటే?"

"వేషం మార్చిన వైరస్సు సారూ. దొంగ వాడే, చొక్కా వేరు. మన ఒంట్లో కాపలావాడు ఒక్కోసారి పోల్చుకోలేడు."

"బూస్టర్?"

"పాత సూది పాఠం ఒళ్ళు మర్చిపోతుంటే మళ్ళీ గుర్తుచేసేది."

"ఎఫికసీ?"

"సూది వేయించుకోని వాళ్ళతో పోలిస్తే వేయించుకున్న వాళ్ళలో జబ్బు ఎంత తగ్గిందో, ఆ లెక్క. తొంభై శాతం అంటే వందలో పదిమందికి జబ్బు ఖాయమని చాలామంది అనుకుంటారు. తప్పు."

గుమాస్తా కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాడు. ముందున్న రిజిస్టరు పేజీలు తిప్పసాగాడు.

"ఆగిపోయారేం సారూ? కానివ్వండి" అన్నాడు లైన్లోంచి ఒక ముసలాయన. "మీ ప్రశ్నలు అయిపోతే ఇక ఆవిడ అడుగుతుంది, మీరు చెబుదురు గాని."

లైనంతా గొల్లుమంది. గుమాస్తా మొహం కందగడ్డ అయింది.

"ఇంకో మాట కూడా వచ్చు నాకు" అందామె. "ఎలిజిబుల్. అర్హత ఉన్న మనిషి అని. ఆసుపత్రుల్లో తుడిచేవాళ్ళు మొదటి వరసలోనే ఎలిజిబుల్ అని రాశారు. నేను మొదటి వరస. నా సూది ఏదీ?"

"మాటలు నేర్చిన కుక్కను వేటకు తీసుకెళ్తే ఉస్కో అంటే ఉస్కో అందట! మీ క్లీనర్ల కోటా ఇంకా రాలేదమ్మా. వస్తే మేమే పిలుస్తాం. నమ్మకం లేకపోతే లిస్టు అదిగో, టీకా గది తలుపు మీదే ఉంది. అంత ఇంగ్లీషు పొడుచుకొచ్చినదానివి, పోయి చదువుకో!"

కోపంలో నోరు జారాడు. అయినా భయపడలేదు. ఎందుకు భయపడతాడు? లిస్టు అందరికీ కనబడేలా అంటించాలని రూలు. అంటించారు. ఇంగ్లీషులో అంటించారు. ఈ ఆసుపత్రిలో దాచాల్సిన సంగతి ఉంటే బీరువాలో పెట్టరు, ఇంగ్లీషులో రాసి తలుపుకు అంటిస్తారు. తాళంతో పనిలేదు. ఆ కాగితం తడవకుండా చుట్టూ తలుపు తుడిచిపోయే మనిషి దాన్ని చదువుతుందని ఎవడైనా కలగంటాడా?

ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తలుపు దగ్గరకు నడిచింది. వేలు పెట్టి పైనుంచి మొదలుపెట్టింది.

మొదటి గడిలో పేర్లు. రెండో గడి, ఏ పని చేసేవాళ్ళో. డాక్టర్లు, నర్సులు, ల్యాబువాళ్ళు. చివరి గడిలో ఒకటే మాట వరసగా కిందిదాకా ఉంది. అడ్మినిస్టర్డ్. పేపర్లో మొదటిసారి చూసినప్పుడు అదేదో ఆఫీసు సంగతి అనుకుంది. సూది వేసేశారని అర్థమట. ఆ ఒక్క మాటకే నర్సమ్మ దగ్గర రెండు రోజులు చీవాట్లు తింది.

వేలు అట్టడుగుకు వచ్చి ఆగింది.

క్లీనర్. క్లీనర్. క్లీనర్. ఆరు వరసలు. ఆరింటి పక్కనా అడ్మినిస్టర్డ్.

ఈ ఆసుపత్రిలో తుడిచేవాళ్ళు ఆరుగురు. ఆరుగురూ పొద్దున ఒకే గదిలో చీరలు మార్చుకుంటారు. ఏ ఒక్కరి భుజానికీ ఇంకా సూది పడలేదు.

వేలు అడ్డంగా జరిపి పేరు చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని మళ్ళీ చదివింది. కింది ఐదు పేర్లూ చదివింది. ఒక్కటీ తుడిచేవాళ్ళ పేరు కాదు. అలాగని ఒక్కటీ తెలియని పేరూ కాదు.

"ఏమ్మా పేపరమ్మా!" కిటికీలోంచి అరిచాడు గుమాస్తా. "గొంతు పోయిందా? దొరికిందా నీ క్లీనర్ల కోటా?"

ఆమె వెనక్కి తిరిగింది. లైనంతా ఆమె వైపే చూస్తోంది.

"దొరికింది సారూ" అంది నిమ్మళంగా. "టీకా పడ్డ క్లీనర్లు ఆరుగురు దొరికారు. రేపు ఆరింటికి కొత్త వార్డు తుడవడానికి మన సూపరింటెండెంటు గారి అత్తగారిని రమ్మనండి."