గాలి కాదు, గాడిద

"మా ఆవిడకి గులాబీలంటే ప్రాణం," అన్నాడు పెద్దాయన.

"గులాబీలు కాదు, గుమ్మడికాయలు," అంది లోపలి గదిలోంచి ఓ గొంతు. ఆ వెంటనే కుట్టుమిషను టకటకా మళ్ళీ మొదలైంది.

కార్యదర్శి నోటుబుక్కులో గులాబీలు కొట్టేసి గుమ్మడికాయలు రాసుకుంది.

ఆమె తోటల సంఘానికి కొత్త కార్యదర్శి. ఆ సంఘాన్ని మొదలుపెట్టిన ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు పార్కులో ఓ మూలకి ఆవిడ పేరు పెడుతున్నారు. ఆ రోజున పంచడానికి ఆవిడ గురించి చిన్న పుస్తకం వేయాలి. అందుకే ఇల్లు వెతుక్కుంటూ ఆవిడ భర్త దగ్గరికి వచ్చింది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మనిషి దిట్టంగానే ఉన్నాడు గానీ, రెండేళ్ళుగా మతిమరుపు. మొదట్లో నిన్నటి సంగతులు పోయాయి. ఇప్పుడు పాతవి కూడా ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

జారిపోయినవన్నీ లోపలున్న టైలరమ్మ దగ్గర భద్రంగా ఉన్నాయి. యాభై దాటిన మనిషి. మెడలో టేపు, జాకెట్టు చేతికి వరసగా గుండుసూదులు. పోయినావిడని నోరారా 'అక్క' అంటోంది. బావగారిని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది కాబోలు, ఈ రోజుల్లో ఎవరుంటారిలా అనుకుంది కార్యదర్శి.

"పాదులకి పేర్లు పెట్టేది," పెద్దాయన హుషారుగా అందుకున్నాడు. "అన్నీ మా డిపోలో వాళ్ళవే. ఆ కాయని పాదుకి ఎవరి పేరు పెట్టిందబ్బా?"

"మేనేజరు," అంది టైలరమ్మ. "ఓరోజు అక్క పెరట్లో నించుని దాన్ని దులిపేస్తోంది. 'మేనేజరూ! నీళ్ళు తాగడం, పడుకోవడం తప్ప ఇన్నాళ్ళలో పనికొచ్చే పని ఒక్కటైనా చేశావా?' అని. తీరా చూస్తే ఆ మేనేజరే పళ్ళసంచీతో గేటు దగ్గర నించుని ఉన్నాడు."

"అయ్యో! ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు! మర్నాటి నుంచి టైముకి ఆఫీసుకొచ్చాడు," అన్నాడు పెద్దాయన. ఆ ముక్క మాత్రం ఎలాగో తన్నుకుంటూ బయటికొచ్చింది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

గోడ మీద ఫొటో ఉంది. ఆవిడ చేతుల నిండా కుక్కపిల్లలు, భుజం మీద ఓ పిల్లి.

"ఇది మా పెళ్ళిరోజు ఫొటో," అన్నాడాయన గర్వంగా. "ఆ నల్లకుక్క వెనక సగం మీసం కనబడుతోంది చూడు, అది నేను."

"ఆవిడకి ఊరి బయట గుడారం వేసుకుని గడిపే సరదా కూడా ఉండేదట కదా సార్?"

"సరదానా! బస్సు తోలి తోలి నడుం పడిపోయి ఇంటికొస్తే, మూటలు కట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేది. ఓసారి ఏటి ఒడ్డున గుడారం వేశాం. తెల్లారేసరికి పెద్ద గాలి. గుడారం కాస్తా ఎగిరిపోయింది."

"గాలి కాదు, గాడిద."

పెద్దాయన మొహం చిట్లించాడు. "మధ్యలో గాడిద ఎందుకొచ్చింది?"

"అది మధ్యలో రాలేదు. ముందు నుంచీ అక్కడే పడుకుని ఉంది. మేకులు ఇంట్లో మర్చిపోయారు మీరు. మసకచీకట్లో గుడారం తాడు ఓ మొద్దుకి కట్టారు. తెల్లారాక ఆ మొద్దు లేచి నడక మొదలెట్టింది."

"మరి మీ అక్క నన్ను తిట్టిందా?"

"తిట్టడానికి తీరికేది? దాని వెనకాల పరిగెత్తింది. గుడారాన్నీ పట్టుకొచ్చింది, గాడిదనీ పట్టుకొచ్చింది. దాని కాలికి పుండుందని, మానేదాకా నెల్లాళ్ళు ఈ పెరట్లోనే ఉంచుకుంది. ఎవరైనా అడిగితే, 'మా ఆయన తరఫు చుట్టం' అని చెప్పేది."

కార్యదర్శికి నవ్వుతో అక్షరాలు కుదరలేదు. కాసేపాగి, పేజీ తిప్పింది.

"ఆఖరుగా ఒక్కటి సార్. ఆవిడ మీతో చివరిసారి ఏం మాట్లాడారు?"

పెద్దాయన ఫొటో వంక చూశాడు.

"ఆస్పత్రిలో... కిటికీ పక్క మంచం. ఏదో అడిగింది. ఏదో అడిగిందమ్మా..." ఆయన చేతులు చొక్కా జేబులు తడుముకున్నాయి, అది అక్కడెక్కడో పడిపోయినట్టు. "ఇది కూడా పోయిందా? ఇదొక్కటీ పోకూడదే!"

ఎందుకడిగానా అనిపించింది కార్యదర్శికి.

మిషను ఆగింది. టైలరమ్మ వచ్చి ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు.

"'కుక్కలకి అన్నం పెట్టారా?' అని అడిగింది. పెట్టానన్నారు మీరు. పెట్టింది పక్కింటివాళ్ళు, మీరు రెండ్రోజులుగా ఆస్పత్రి కదిలితేగా! 'అబద్ధం ఆడితే మీ చెవులు కదుల్తాయి' అంది. మీరు గబుక్కున రెండు చెవులూ మూసుకున్నారు. అక్క నవ్వింది. నవ్వుతూనే నిద్రపోయింది."

పెద్దాయన చేతులు వాటంతటవే చెవుల మీదికి వెళ్ళాయి.

"నవ్వింది," అన్నాడు. మొహం వెలిగిపోయింది. "అవును, నవ్వింది! రాసుకో అమ్మాయ్, నవ్విందని రాసుకో!"

టైలరమ్మ గేటుదాకా సాగనంపింది.

"పుస్తకం మీద మీ పేరు కూడా వేయాలమ్మా," అంది కార్యదర్శి. "అన్నీ పక్కనుండి చూసినట్టు చెప్పారు. తోడబుట్టినవాళ్ళు కాబట్టే ఇన్ని గుర్తున్నాయి. మీ ఇద్దరికీ ఎన్నేళ్ళ తేడా?"

టైలరమ్మ గడియ తీస్తూ నవ్వింది.

"నేనావిడని ఎప్పుడూ చూడలేదమ్మా, ఆవిడ పోయిన మూడేళ్ళకి నన్ను పెళ్ళి చేసుకుని, మతిమరుపొచ్చేదాకా పూటపూటా ఇవే కబుర్లు చెప్పేవారు మా ఆయన."