వడిలిన బెలూన్

"మళ్ళీ లీకే అక్కా!"

ఫ్లాస్కు మెడకు కట్టిన ఆక్సిజన్ బెలూన్ వడిలిపోయి వేలాడుతోంది. ఆల్డిహైడ్ అనే రసాయనాన్ని ఎస్టర్ అనే మరో రసాయనంగా మార్చాలని వారంగా తంటాలు పడుతున్న ఆ రీసెర్చి అమ్మాయికి ఓపిక అడుగంటింది. ఫ్లాస్కు ఎత్తుకుని సింకు వైపు నడిచింది.

"ఆగవే!" ల్యాబు సీనియర్ చెయ్యి పట్టుకుంది. "ఇంత టేపు చుట్టాక ఎలా లీకవుతుంది? లోపలేముందో చూశావా?"

"గాలి పోయాక చూసేదేముంది, పారబోయడమేగా. నేనేది ముట్టుకున్నా ఇంతే. మానేస్తానని సార్‌కి చెప్పేశాను."

సీనియర్ ఫ్లాస్కు లాక్కుని మూత తీసి, చేత్తో గాలి ముక్కు దగ్గరికి విసురుకుంది.

"ఆల్డిహైడ్ బాదం వాసన పోయిందే. కమ్మగా పళ్ళ వాసన! ఎస్టర్ వచ్చేసింది. నువ్వేసిన పల్లేడియం ఉత్ప్రేరకం ఆ ఆక్సిజన్‌నంతా దీనికి తాగించింది. బెలూన్ వడిలితేనే పని జరిగినట్టు, పిచ్చిదానా!"

అమ్మాయి కూడా చేత్తో విసురుకుని వాసన చూసింది.

"పాత ఫ్లాస్కులేవీ? వాటినీ చూద్దాం."

అమ్మాయి సింకు వైపు చూసింది.

"ఇక్కడ వారంగా పళ్ళ వాసన వస్తుంటే, సబ్బు మార్చారేమో అనుకున్నానక్కా."