డాక్టరు కత్తి, ఒక్క అబద్ధం

"నా కథల ఒక్కటంటే ఒక్కటే అబద్ధం ఉంటది. ఇన్నేండ్లల్ల దాన్ని పట్టినోడు లేడు" అన్నాడు మొగిలయ్య, మీసం దువ్వుకుంటూ.

మిరపకాయల తొడిమలు తీస్తున్న కోడలు రమ నవ్వింది. "ఒక్కటేనా మామా? మిగిలినయన్ని నిజాలేనా?"

"పట్టుండ్రి మరి. పట్టినోనికి ఈ కత్తి!"

కొడుకు భానుచందర్ తలెత్తాడు. చిన్నప్పటి నుంచీ ఆ కత్తి అంటే అతనికి ప్రాణం. ఎముక పిడి, లోపలికి మడిచే రెండు అలుగులు. ఒకటి ఆకులా పలుచన, పదును. రెండోది మొద్దు, మందు కలపడానికి. పిడి అడుగు బిళ్లలా చదును, గోలీలు నూరడానికి. పాతకాలం డాక్టర్ల జేబుకత్తి అది.

"మా నాయిన డాక్టరు దొర పెట్టె మోసెటోడు" మొదలుపెట్టాడు మొగిలయ్య. "ఒకపారి ఏటూరునాగారం దాటి అడవిల పోతాండ్రు. వాగొడ్డున ఒకడు పడి ఉన్నడు. కాలికి నాగుబాము కాటు. అవుతల ఒడ్డున పులి కూసోని చూస్తాంది."

"పులా!" అంది రమ.

"ఆగు బిడ్డా. దొర ఈ కత్తి తీసి కాటు కాడ గాటు పెట్టిండు. నెత్తురు పిండిండు. పిడితోని గోలి నూరి, మొద్దలుగుతోని తేనెల కలిపి వానితోని నాకిపిచ్చిండు. వానికి కండ్లు మూతలు పడ్డయ్. హాయిగ నిద్రవోయిండు. పొద్దుగాల లేచి కడుపునిండ అంబలి తాగిండు. దొర మా నాయినకు ఈ కత్తిని ఇనామిచ్చిండు. ఇగ చెప్పుండ్రి, అబద్ధమేది?"

"పులి!" అంది రమ.

"పులి నిజం. మా నాయిన లాగు తడుపుకున్నడు."

"తేనె" అన్నాడు భానుచందర్.

"నిజం."

"ఇనాం? మీ నాయిన కొట్టేసిండు గదా బాపూ!"

"నోర్ముయ్ బాడుకావ్! ఇనాం గూడ నిజమే." మొగిలయ్య పడీపడీ నవ్వాడు. "నేను కొత్తవాడల చెల్లె ఇంటికి పోతాన. వచ్చేదాక కత్తి నీకాడ పెట్టుకొని ఆలోచించు."

ఆదివారం పొద్దువాలే వేళ ఆటో దిగుతూనే మొగిలయ్య అరిచాడు. "ఏమిరా, పట్టినవా?"

వాకిట్లో మంచం మీద భానుచందర్ పడుకొని ఉన్నాడు. మడమకు గుడ్డ, గుడ్డ నిండా నెత్తురు. తలాపున గిన్నెలో తేనె, పక్కన తెరిచిన కత్తి.

"మిరప చేన్ల నాగుబాము కరిసింది మామా" అంది రమ ఏడుస్తూ. "దవాఖానకు పోదామని ఆటోను పిలిస్తే వాపసు పంపిండు. బాపు కత్తి ఉండంగ ఫికరెందుకన్నడు."

భానుచందర్ నవ్వబోయాడు. మాట ముద్దగా వచ్చింది. "అచ్చం నువ్వు చెప్పినట్టే చేసిన బాపూ. కోసిన, పిండిన. జరం గోలి నూరి నాకిన. సూడు... నిద్ర గూడ వస్తాంది. పని చేస్తాంది."

కళ్లు మూతలు పడ్డాయి.

మొగిలయ్య చేతిలోని సంచి జారిపోయింది. "ఆటో! ఆటో ఆపుండ్రి!" అంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఆటో అప్పటికే మలుపు తిరిగిపోయింది. రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

రమ మొగుణ్ని కుదుపుతోంది. అతను ఉలకలేదు, పలకలేదు. ఆమె మామ చెయ్యి పట్టుకుంది.

"మామా, నీ కాల్మొక్త. ఆ కథల అబద్ధమేంది? పులే గదా?"

మొగిలయ్య తల అడ్డంగా ఊపాడు.

"మరేంది?"

"వాడు పొద్దుగాల లేచిండన్నది."