రేసు బండికి ఏ రంగు

"నలుపు వేయండన్నా," అంది కూతురు.

"నలుపేంటే, తారు డబ్బాలా! పసుపు వేయి బాబూ," అన్నాడు తండ్రి.

రేసు బైకు పై తొడుగులన్నీ విప్పి, పాత రంగు గీకేసి బల్ల మీద పరిచాడు పెయింటరు. ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరి మొహాలూ చూశాడు.

ఏ పోటీకి వెళ్ళాలో, ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, అన్నిట్లోనూ ఆమెకు నాన్న మాటే. కిందటిసారి మలుపులో పడ్డప్పటి నుంచి బండి ఎక్కాలంటేనే భయమేస్తోంది. ఇక రేసులు మానేస్తానని చెప్పడానికే ఈరోజు వెంట వచ్చింది. తీరా నోరు తెరిస్తే రంగు మాటే బయటికొచ్చింది.

చేతులు కడుక్కునే వంకతో బయటికి వెళ్ళి ధైర్యం కూడగట్టుకుంది. చెప్పేద్దామని తిరిగి వస్తుంటే రేకు గోడ అవతల తండ్రి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"నాకు చూపు బాగా మందగించింది బాబూ. పసుపొక్కటే కాస్త కంటికి ఆనుతోంది. అంతమందిలో నా పిల్ల ఎక్కడుందో తెలియాలి కదా! దానికి మాత్రం చెప్పకు. తెలిస్తే నా కోసం రేసులు మానేసి ఇంట్లో కూర్చుంటుంది."

ఆమె చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"పసుపే వేయండన్నా. ఎంత దూరానికైనా కొట్టొచ్చినట్టు కనబడాలి."

"అలా రా దారికి!" అని తండ్రి గట్టిగా నవ్వాడు, ఆమె నిలబడిన చోటికి కాస్త పక్కగా చూస్తూ.