పోపు పెట్టే గది

"సింగపూర్ అయితే మన భోజనం మంచిగ దొరుకుతది సార్," అంది నారాయణగూడ ట్రావెల్స్ ఆఫీసులో భాగ్యశ్రీ.

"బయటి తిండి నాకు పడదమ్మా. దసరా వెళ్ళాక మళ్ళీ ఇటలీయే. కిందటేడు సగమే చూశాను," అన్నాడు జోగారావు. "వంటకి వీలున్న గది చూడు. మా ఆవిడ వండుతుంది. చిక్కడపల్లిలో మా ఇంట్లో తిన్నట్టే తింటాను."

భాగ్యశ్రీ ఆయన పక్కన కూర్చున్న సుబ్బులు వైపు తిరిగింది. "పోయినసారి మీకేం నచ్చినయి ఆంటీ?"

సుబ్బులుకి రైస్ కుక్కరు గుర్తొచ్చింది. ఊరంతా తిరిగొచ్చి ఆయన చూపించిన ఫొటోలు గుర్తొచ్చాయి.

"ఈవిడ పోపుకి పొగ అలారం మోగింది," జోగారావే అందుకున్నాడు. "హోటలంతా రోడ్డు మీదికొచ్చింది. పరువు పోయిందనుకో!"

అలారం మోగిన ఆ సాయంత్రం సుబ్బులు గరిటెతోనే కిందికి పరిగెత్తింది. ఎదురుగా ఫౌంటెన్. పక్కన ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. ఒక ముసలావిడ నవ్వి, ఆమె చేతిలో ఐస్‌క్రీమ్ పెట్టింది. ఇటలీలో సుబ్బులు చూసింది ఆ కాసేపే.

"అలారం లేని గది చూస్త సార్."

ఫోను మోగితే జోగారావు బయటికి నడిచాడు. సుబ్బులు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అలారం ఉన్నదే చూడమ్మా. రోజూ పోపు పెడతాను."