అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు

“పందెమంటే పందెమే. కర్ర మీద గీసిన గీత తిరిగొచ్చి మళ్ళీ పైనే నిలబడితే, గేటు తాళంచెవి నా చేతిలో పెట్టాలి. సరేనా?”

“సరే నాన్నా,” అంది కూతురు, ఏడో నెల కడుపుతో స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ. తాళంచెవి ఆమె మెడలో గొలుసుకి వేలాడుతోంది.

“తర్వాత మాట మారిస్తే ఊరుకోను.”

“మార్చనంటున్నాగా! ముందు పని చూడు.”

ఒకే కిటికీ ఉన్న వెనక గది అది. మధ్యలో, అల్లుడు మోజుపడి కొన్న చెక్కలు చెక్కే కంప్యూటర్ మెషిన్. దాంతోపాటు వచ్చిన రోటరీ మాత్రం రెండేళ్ళుగా డబ్బాలోంచి బయటికి రాలేదు. అది బిగిస్తే కర్ర గుండ్రంగా తిరుగుతుంటుంది, పైనుంచి కత్తి దిగి చెక్కుతుంది. అల్లుడికి కొనడం వరకే సరదా, బిగించాలంటే ఒళ్ళు వంగదు. పెద్దాయన అలా కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు లేత్ మెషిన్ మీద బతికిన మనిషి. పని చేతిలో ఉంటే కాసేపైనా గేటు గొడవ మరిచిపోతాడు.

ఆ గొడవ చిన్నదేం కాదు. రెండు నెలల్లో మూడుసార్లు, ఇంట్లోవాళ్ళు లేచేలోగా మంచం దిగి ఎటో వెళ్ళిపోయాడు. మూడోసారి దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కన, షిఫ్టు గంట ఇంకా మోగలేదేమిటని నిలబడి ఉన్నాడు. గేటుకి తాళం వేస్తే, ఎక్కి దూకబోయి మోకాలు పగలగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఆయనకి ఇంట్లో ఊపిరాడటం లేదు. కూతురి పనీ అలాగే ఉంది. ఆయన దగ్గితే లేస్తుంది, చెప్పుల చప్పుడైతే పరుగెడుతుంది. నాలుగడుగులు వేసి వీధి చివరి దాకా వెళ్ళొచ్చి ఎన్నాళ్ళయిందో ఆమెకీ గుర్తులేదు.

“చువ్వలెన్ని?” అడిగాడు.

“ఇరవై ఎనిమిది. అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు.”

“లావు?”

“ఒకటిన్నర అంగుళం.”

“చంటిపిల్ల మంచానికి అంత లావెందుకే? పుట్టేది పాపాయా, పహిల్వానా?”

కూతురు నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “గట్టిగా ఉండాలి నాన్నా.”

“మధ్యలో సందు?”

“మూడంగుళాలు. తల ఇరుక్కోకూడదు.”

పెద్దాయన బల్ల మీది రంపప్పొట్టులో చూపుడు వేలితో లెక్క వేశాడు. అరవై మూడంగుళాలు, అంటే ఐదడుగుల పైమాటే. కాసేపు దానివంకే చూశాడు. తర్వాత అరచేత్తో తుడిచేసి, స్పానర్ అందుకున్నాడు.

మెషిన్‌ని ముందుకీ వెనక్కీ నడిపే మోటారు తీగ పీకి రోటరీకి తగిలించాడు. కర్ర ఒక కొసని చక్ దవడల మధ్య బిగించాడు, రెండో కొసకి సూదిమొన ఆనించాడు. ఒంటికన్నుతో చూసి, “ఇటువైపు వెంట్రుకవాసి దిగింది,” అని అడుగున సన్నటి రేకుముక్క దూర్చాడు. ఆ వేళ్ళు ఒక్కసారైనా వణకలేదు. వణికితే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, ఛీ, ఏం బుద్ధి నాది అనుకుంది కూతురు.

కర్ర మీద, కత్తిమొనకి సరిగ్గా కింద, పెన్సిల్‌తో గీత గీశాడు. “రోటరీ డబ్బాలో వచ్చిన కాగితంలో ఏముందో చదివి ఆ అంకె కొట్టు.”

“మోటారు ఆరు చుట్లు తిరిగితే కర్ర ఒక చుట్టట.” కంప్యూటర్‌లో ఆరు కొట్టింది.

“ఇప్పుడు కర్రని ఒక్క చుట్టు తిప్పు.”

మోటారు మూలిగింది. కర్ర తిరిగి ఆగింది. పైన గీత లేదు. వంగి చూస్తే అడుగున, నేలవైపు ఉంది.

“ఓడిపోయావు నాన్నా,” అంది మెల్లగా. గొలుసు పిడికిట్లో పట్టుకుంది.

“ఉండవే, ఏమిటా తొందర! ఒక చుట్టు అడిగితే ఒకటిన్నర తిరిగింది. అంటే మెషిన్‌ది కాదు, కాగితానిది తప్పు.” మూత విప్పి పళ్ళ చక్రాలు లెక్కపెట్టాడు. చిన్నదానికి పదిహేను పళ్ళు, పెద్దదానికి అరవై. “ఆరు కాదు, నాలుగు. నాలుగు కొట్టు.”

కొట్టింది. గీత ఒక చుట్టు తిరిగొచ్చి సరిగ్గా కత్తిమొన కింద ఆగింది. ఇంకో రెండుసార్లు తిప్పించాడు. రెండుసార్లూ అక్కడికే వచ్చింది.

“చూశావా! నా బుర్ర పాడైపోయిందన్న మహానుభావుడెవడు? పిలువు!” ఆయన మొహం వెలిగిపోయింది. చెయ్యి చాపాడు.

ఇచ్చిన మాట. ఏం చేస్తుంది? గొలుసు తీసి, తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టింది. పెద్దాయన గబగబా గుమ్మం దాకా నడిచాడు.

“ఉండు, మీ అమ్మకి చెప్పొస్తా. బజారుకెళ్ళి ఇంతసేపేమిటో ఈవిడ!”

అమ్మ పోయి నాలుగేళ్ళు. ఎంత ఆపుకుందామన్నా కూతురి కళ్ళు నిండిపోయాయి.

ఆయన వెనక్కి తిరిగి ఆ మొహం చూశాడు. ద్వారబంధం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

“మళ్ళీ మరిచిపోయానా?”

తలూపింది.

పెద్దాయన మెల్లగా వచ్చి తాళంచెవి ఆమె ఒళ్ళో పెట్టాడు. కర్ర ముందు కూర్చుని, నున్నగా ఉందో లేదో అరచేత్తో నిమిరి చూసుకున్నాడు.

“చువ్వల లెక్క మార్చు,” అన్నాడు.

“ఎందుకు నాన్నా?”

“పద్నాలుగు చాలవమ్మా, నేను ఆరడుగుల మనిషిని.”